కేథలిక్ ప్రైమరీ స్కూల్: చేర్పించే ముందు అమ్మానాన్నలు తరచుగా అడిగే ప్రశ్నలు

అడ్మిషన్ల టైమ్‌లో పేరెంట్స్ అడిగే ప్రశ్నలు రెండు రకాలుగా ఉంటాయి. ఆఫీసులో కుర్చీలో కూర్చుని అడిగేవి కొన్ని, అంటే యూనిఫామ్ ఎక్కడ, టైమింగ్స్ ఎంత లాంటివి. అవన్నీ అయిపోయి గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి గొంతు తగ్గించి "టీచర్, ఒక్క మాట" అని అడిగేవి ఇంకొన్ని. అసలు ప్రశ్నలు ఈ రెండో రకమే. నేను ఒకటో తరగతి టీచర్ని, ఏళ్ళ తరబడి ఈ రెండో రకం ప్రశ్నలు విని విని ఉన్నాను కాబట్టి వాటికే ఎక్కువ చోటిచ్చి ఇది రాస్తున్నా. ఒక్కో దేశంలో, ఒక్కో మేత్రాసనంలో, అంటే ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతంలో, పద్ధతులు కొంచెం మారతాయి, మీరు చేర్పించబోయే స్కూల్లో కూడా ఒకసారి అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు.

మేము కేథలిక్కులం కాదు. అయినా సీటు ఇస్తారా?

చాలా చోట్ల ఇస్తారు. సీట్లు తక్కువ ఉండి అప్లికేషన్లు ఎక్కువ వస్తే మాత్రం ముందు జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందిన పిల్లలకి, తర్వాత అన్నో అక్కో అదే స్కూల్లో చదువుతున్నవాళ్ళకి, ఆ తర్వాత మిగతావాళ్ళకి అని ఒక వరుస పెట్టుకుంటారు. ఆ వరుస కాగితం మీద రాసి ఉంటుంది, చూపించమని అడగండి. ప్రపంచం మొత్తం మీద కేథలిక్ ప్రైమరీ స్కూళ్ళు సుమారు లక్ష ఉంటాయి, వాటిల్లో 3 కోట్లకి పైగా పిల్లలు చదువుతున్నారు, అందులో వేరే మతాల పిల్లలు, ఏ మతమూ లేని ఇళ్ళ పిల్లలు బోలెడు మంది. కొన్ని దేశాల్లో అయితే కేథలిక్ స్కూల్లో కేథలిక్ పిల్లలే తక్కువ.

సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. మా పిల్లని మతం మార్చేస్తారా?

ఇదే, గేటు దగ్గర నుంచి వెనక్కొచ్చి అడిగే ప్రశ్న. అనుకోవడానికేమీ లేదండి, అడగాల్సిన ప్రశ్నే.

మార్చరు, మార్చకూడదు కూడా. ఇది మా స్కూల్ మంచితనం కాదు, సభ, అంటే కేథలిక్ చర్చి, పెట్టుకున్న రూలే అది. లోకమంతటి బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లో మత స్వేచ్ఛ మీద ఒక ప్రకటన చేసింది, విశ్వాసం విషయంలో ఎవర్నీ బలవంతపెట్టకూడదని అందులో స్పష్టంగా ఉంది. తర్వాత 1988లో వాటికన్ విద్యా విభాగం స్కూళ్ళ కోసమే ఒక పత్రం ఇచ్చింది, అందులో రెండు మాటలు పక్కపక్కనే ఉంటాయి. కేథలిక్ కాని పిల్లల మనస్సాక్షిని, వాళ్ళ కుటుంబాల మత స్వేచ్ఛని గౌరవించాలి అనేది ఒకటి. అలాగని స్కూలు తన సువార్తని దాచిపెట్టుకోదు, చెప్పడం వేరు, రుద్దడం వేరు అనేది రెండోది. ఈ రెండో మాటని చాలా స్కూళ్ళు అడ్మిషన్ టైమ్‌లో మింగేస్తాయి, నాకు అది నచ్చదు. మీ పిల్ల ఇక్కడ చదివితే యేసు కథలు వింటుంది, గోడ మీద సిలువ చూస్తుంది, క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల వేషం వేస్తుంది, ఇంటికొచ్చి మంచి సమరయుని కథ మీకు చెప్తుంది, మరియతల్లికి చెప్పే మంగళవార్త జపం నోటికి వచ్చేసినా వచ్చేయొచ్చు, పిల్లలు రోజూ విన్నది పట్టేస్తారు కదా. ఇదంతా మీకు ఓకేనా కాదా అనేది ఇప్పుడే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఓకే కాదు అంటే అది తప్పేం కాదు, కానీ అలాంటప్పుడు వేరే స్కూల్ చూసుకోవడం మీకూ పిల్లకీ హాయి. "చదువు కోసం చేర్పిద్దాం, మతం సంగతి వాళ్ళు పట్టించుకోరులే" అని చేర్పించినవాళ్ళే మూడో నెలలో ఇబ్బంది పడతారు. స్కూలు కేథలిక్‌గానే ఉంటుంది, మీ పిల్ల మీ పిల్లగానే ఉంటుంది, రెండూ ముందే తెలిసి చేర్పించినవాళ్ళకి ఏ గొడవా ఉండదు.

ప్రార్థన రోజుకి ఎన్నిసార్లు? మా బాబు చెప్పకపోతే తిడతారా?

పొద్దున అసెంబ్లీలో ఒకసారి, భోజనానికి ముందు చిన్నది, సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు ఒకటి, మొత్తం కలిపినా పది నిమిషాలు దాటదు. వేరే మతం పిల్లలు చేతులు కట్టుకుని మౌనంగా నిలబడితే చాలు, సిలువ గుర్తు వేసుకోనక్కర్లేదు. మా క్లాసులో ఒక బాబు ఉండేవాడు, వాళ్ళ నాన్నగారు మొదటి రోజే వచ్చి "మావాడు ప్రార్థన చెప్పడండి, నిలబడతాడు" అన్నారు, సరేనండి అన్నాను. వాడు ఏడాది పొడుగూ కళ్ళు మూసుకుని ఎంత నిటారుగా నిలబడ్డాడంటే, గుసగుసలాడే మిగతావాళ్ళకి వాడినే చూపించేదాన్ని.

పూజకి తీసుకెళ్తారట కదా, అక్కడ మా పిల్ల ఏం చేయాలి?

నెలకో, పండగలకో స్కూల్ అంతా కలిసి దివ్యబలిపూజకి, అంటే గుడిలో ఫాదర్ గారు నడిపే ప్రధాన ఆరాధనకి, వెళ్ళడం మామూలే. పిల్లల పూజ పెద్దవాళ్ళ పూజంత పొడుగు ఉండదు. పిల్లలతో పూజ ఎలా చేయాలో 1973లో రోమ్ నుంచి ప్రత్యేకంగా ఒక మార్గదర్శకం వచ్చింది, బైబిల్ పఠనాలు తగ్గించుకోవచ్చని, పిల్లలకి అర్థమయ్యేలా చెప్పడం ఫాదర్ గారికి కష్టమైతే సువార్త తర్వాత ఇంకొకరు మాట్లాడొచ్చని కూడా అందులో ఉంది. అందుకే కొన్నిసార్లు టీచరే ప్రసంగం చెప్పడం చూస్తారు.

ఇక సత్ప్రసాదం సంగతి, అంటే పూజలో పంచే తెల్ల బిళ్ళ లాంటి అప్పం, ఇది మాత్రం ఇంట్లో ముందే చెప్పి పంపండి. ఎందుకంటే ఒకసారి ఏమైందంటే, నా క్లాసు పాప ఒకతె, అప్పుడే కొత్తగా చేరింది, అందరితో పాటు లైన్లో ముందుకెళ్ళింది. ఫాదర్ గారు నుదుటి మీద చెయ్యి పెట్టి దీవించి పంపేశారు. వెనక్కొచ్చి బెంచీ మీద కూర్చుని, కాళ్ళు నేలకి ఆనవు కదా, వాటిని ఊపుతూ ఊపుతూ సడన్‌గా ఆపేసి, "టీచర్, నాకు ఆ తెల్ల బిళ్ళ ఎందుకు ఇవ్వలేదు, నేనేం అల్లరి చేశాను?" అంది. కళ్ళల్లో నీళ్ళు. నాకు ఒక్క క్షణం నోట మాట రాలేదు, ఎందుకంటే తప్పు నాదే, ముందు రోజు చెప్పాల్సింది మర్చిపోయాను. "మన క్లాసులో ఎవరికీ ఇవ్వలేదమ్మా, చూడు, పెద్ద క్లాసు అక్కావాళ్ళకే ఇచ్చారు, దానికి వాళ్ళు ఏడాదంతా చదువుకుని తయారవుతారు" అన్నాను. అటూ ఇటూ తల తిప్పి బెంచీ అంతా చూసుకుంది, ఎవరికీ లేదని నమ్మకం కుదిరాక మళ్ళీ కాళ్ళు ఊపడం మొదలెట్టింది.

ఒకటో తరగతిలో ఇలా సరిపోతుంది, కానీ రెండు మూడు తరగతులకి వచ్చేసరికి సరిపోదు. అప్పుడు పక్కనున్న ఫ్రెండు తెల్ల గౌను వేసుకుని మొదటి సత్ప్రసాదం తీసుకుంటుంది, ఫొటోలు, హడావుడి, మీ పిల్ల చూస్తూ ఉంటుంది. అది కేథలిక్ విశ్వాసంలోకి వచ్చినవాళ్ళకే ఇచ్చే సంస్కారం అని, మనింట్లో మనకి మన పద్ధతి ఉందని మీరే చెప్పాలి, ఆ మాట టీచర్ నోటి నుంచి కంటే మీ నోటి నుంచి వింటేనే పిల్లకి బాగా ఎక్కుతుంది. చాలా చోట్ల సత్ప్రసాదం తీసుకోని పిల్లలు రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని వెళ్తే ఫాదర్ గారు దీవిస్తారు, వద్దనుకుంటే బెంచీలో కూర్చోవచ్చు.

పేరులో సెయింట్ అని ఉంటే కేథలిక్ స్కూలేనా?

కాదు. ఎవరైనా పెట్టేసుకోవచ్చు ఆ పేరు, పెట్టుకుంటున్నారు కూడా. 1983 నాటి సభ చట్టం, అంటే కానన్ లా, 803వ కానన్ ప్రకారం బిషప్ గారో, ఒక మఠ సభో (సిస్టర్ల, బ్రదర్ల సంఘం) నడిపే స్కూలు, లేదా సభ అధికారులు రాతపూర్వకంగా గుర్తించిన స్కూలే కేథలిక్ స్కూలు, ఆ అనుమతి లేకుండా ఎవరూ తమది కేథలిక్ స్కూల్ అని చెప్పుకోకూడదు. డౌటుంటే దగ్గర్లోని విచారణ, అంటే ఒక గుడి కింద ఉండే ప్రాంతం, దాని ఫాదర్ గారిని అడిగితే ఒక్క నిమిషంలో చెప్తారు.

అన్ని క్లాసులకీ సిస్టర్లే పాఠాలు చెప్తారా?

ఒకప్పుడు అంతే, ఇప్పుడు కాదు. ఇప్పుడు ఎక్కువ మంది నాలాంటి మామూలు టీచర్లే, ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్ళం. సిస్టర్ ఒకరు హెడ్‌గా ఉండొచ్చు, ఒకరిద్దరు క్లాసులు తీసుకోవచ్చు, అసలు మఠకన్యలు ఒక్కరూ లేని స్కూళ్ళు కూడా చాలానే ఉన్నాయి.

స్కూలు విచారణకి చెందినదా లేక మఠ సభ నడిపేదా అన్నది మాత్రం కనుక్కోండి, ఆ తేడా రోజూ కనిపిస్తుంది. విచారణ స్కూలైతే గుడి పక్కనే ఉంటుంది, ఫాదర్ గారు ఎప్పుడంటే అప్పుడు క్లాసులోకి వచ్చేస్తుంటారు. మఠ సభ స్కూలైతే దాని వ్యవస్థాపకుల ముద్ర ఉంటుంది. డాన్ బోస్కో అనే ఫాదర్ పెట్టిన సలేషియన్ల సభ అయితే ఆటస్థలం లేకుండా స్కూలు ఊహించుకోలేరు, ఆంజెలా మెరిచి 1535లో ఇటలీలోని బ్రెషాలో మొదలుపెట్టిన ఉర్సులైన్ల స్కూళ్ళలో ఆడపిల్లల చదువు మీద మొదట్నుంచీ పట్టు ఎక్కువ.

చదువు ఎలా ఉంటుంది? ప్రార్థనలు చెప్పించి వదిలేస్తారా?

ఈ ప్రశ్నకి నాకు కొంచెం రోషం వస్తుంది, అయినా చెప్తా. ఇందాక చెప్పిన చట్టంలోనే 806వ కానన్ ఉంది, కేథలిక్ స్కూల్లో చదువు ఆ ప్రాంతంలోని మిగతా స్కూళ్ళకి కనీసం సమానంగా అయినా ఉండాలని, అది చూసుకోవాల్సింది స్కూల్ పెద్దలేనని అందులో రాసి ఉంది. ప్రార్థన బాగా చెప్పించి లెక్కలు రాకుండా పంపితే రూల్ ప్రకారమే తప్పన్నమాట.

ఇంకో సంగతి, ఇవాళ మనం స్కూల్ అనుకుంటున్న చాలా పద్ధతులు ఈ స్కూళ్ళ నుంచే వచ్చాయి. జోసెఫ్ కలసాన్జ్ అనే స్పెయిన్ ఫాదర్ 1597లో రోమ్‌లో పేద పిల్లలకి ఉచితంగా బడి తెరిచాడు, డబ్బున్నవాళ్ళ పిల్లలకే చదువు అనుకునే రోజులవి. తర్వాత ఫ్రాన్స్‌లో, రీమ్స్ అనే ఊళ్ళో, జాన్ బాప్టిస్ట్ డి లా సాల్ వచ్చాడు. అప్పట్లో టీచరు ఒక్కొక్క పిల్లాడినీ తన బల్ల దగ్గరికి పిలిచి చెప్పేవాడు, మిగతావాళ్ళు ఖాళీగా కూర్చుని గోల చేసేవాళ్ళు. ఈయన పిల్లల్ని స్థాయిని బట్టి క్లాసులుగా కూర్చోబెట్టి అందరికీ ఒకేసారి చెప్పించాడు, పైగా లాటిన్‌తో కాకుండా పిల్లలు ఇంట్లో మాట్లాడే ఫ్రెంచిలో చదవడం మొదలుపెట్టించాడు, టీచర్లకి ట్రైనింగ్ కూడా పెట్టాడు. 1950లో పోప్ ఆయన్ని టీచర్లందరికీ అండగా ఉండే పాలక పునీతుడిగా ప్రకటించారు, మా స్టాఫ్ రూమ్‌లో ఆయన బొమ్మ ఉంటుంది, పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు మేమందరం ఆయన వైపు జాలిగా చూస్తుంటాం. మాంటిస్సోరి పేరు మీరు వినే ఉంటారు, 1907లో రోమ్‌లో పేదల వాడలో చిన్న పిల్లల ఇల్లు తెరిచిన మరియా మాంటిస్సోరి కూడా కేథలిక్కే.

సిలబస్ అయితే మీ ప్రభుత్వం లేదా బోర్డు ఏది చెప్తే అదే, దానికి పైన సత్యోపదేశం, అంటే కేథలిక్ మత పాఠాల క్లాసు వారానికి కొన్ని పీరియడ్లు. చాలా స్కూళ్ళలో కేథలిక్ పిల్లలు సత్యోపదేశానికి వెళ్ళిన టైమ్‌లో మిగతా పిల్లలకి నీతి పాఠం పెడతారు, కొన్నిటిలో అందరికీ ఒకటే క్లాసు, మీ దగ్గర ఏదో కనుక్కోండి.

సైన్స్ సరిగ్గా చెప్తారా? లోకం ఆరు రోజుల్లో పుట్టిందని రాయమంటారేమో?

రాయమనరు. ఆదికాండంలోని సృష్టి కథని సైన్స్ పుస్తకంలా చదవాలని కేథలిక్ సభ చెప్పదు. పరిణామ వాదం గురించి పరిశోధించుకోవచ్చని పోప్ పన్నెండవ పయస్ 1950లోనే రాశారు. బఠాణీ మొక్కలు పెంచి వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ మఠవాసి, విశ్వం ఒక తొలి అణువు లాంటి దాన్నుంచి విస్తరిస్తూ వచ్చిందని, అంటే ఇప్పుడు బిగ్ బ్యాంగ్ అంటున్నామే, ఆ ఆలోచన ముందుగా చెప్పిన జార్జ్ లెమైత్రే బెల్జియం ఫాదర్. మూడో తరగతి పిల్లలకి గ్లాసులో బఠాణీ మొలకెత్తించే ప్రాజెక్టు ఇచ్చినప్పుడు ఫాదర్ మెండెల్ కథ చెప్పి ఇస్తాం, వాళ్ళకి ఆ కథ కన్నా రాత్రికి రాత్రి మొలక బయటికొచ్చిందా లేదా అన్నదే ముఖ్యం అనుకోండి.

క్రమశిక్షణ ఎక్కువట. కొడతారా?

ఈ పేరు ఊరికే రాలేదు. నేను చిన్నప్పుడు చదివిన స్కూల్లో ఒక చెక్క స్కేలు ఉండేది, దాని అంచు తగిలితే ఎలా ఉంటుందో నాకిప్పటికీ గుర్తుంది, హోంవర్క్ మర్చిపోతే వరండాలో మోకాళ్ళ మీద నిలబెట్టేవాళ్ళు. ఆ రోజుల్లో అన్ని స్కూళ్ళూ అంతే అంటారు గానీ, దేవుని పేరు చెప్పే స్కూల్లో జరిగితే ఇంకా ఎక్కువ గుర్తుంటుంది. కాబట్టి మీరు అడగాల్సిందే. "పిల్లాడు తప్పు చేస్తే మీరు ఏం చేస్తారు" అని కాదు, "పోయిన వారం ఏ పిల్లాడైనా తప్పు చేశాడా, ఏం చేశారు" అని అడగండి. మొదటిదానికి పుస్తకంలో మాట వస్తుంది, రెండోదానికి నిజం వస్తుంది.

కొట్టకుండా పెంచడం ఈ సంప్రదాయానికి కొత్తేం కాదు. టూరిన్ వీధి పిల్లల మధ్య పనిచేసిన డాన్ బోస్కో 1877లో తన పద్ధతిని రాసిపెట్టాడు, తప్పు జరిగాక శిక్షించడం కంటే తప్పు జరగనివ్వకుండా పిల్లల మధ్యే ఉండటం, వివేకం, మతం, ఆప్యాయత అనే మూడింటి మీద నడపడం. పిల్లల్ని ప్రేమిస్తే చాలదు, ప్రేమిస్తున్నట్టు వాళ్ళకి తెలియాలి అనేది ఆయన మాటల సారం.

క్లాసులో అది ఎలా ఉంటుందంటే, ఇద్దరు కుర్రాళ్ళు ఒక రబ్బరు కోసం కొట్టుకున్నారు, ఒకడి చొక్కా బొత్తాం ఊడింది. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కడూ జరిగింది మొత్తం చెప్పేదాకా రెండోవాడు నోరెత్తకూడదు అన్నాను. మొదటివాడు చెప్తుంటే రెండోవాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ ఆపుకున్నాడు. వెంటనే సారీ చెప్పించలేదు, పిల్లలు సారీని టోల్ గేటు టికెట్‌లా వాడతారు, పడేసి వెళ్ళిపోతారు. "ఇప్పుడు ఇది బాగవ్వాలంటే నువ్వేం చేయగలవు" అని అడిగితే, కొట్టినవాడు చాలాసేపు ఆలోచించి నేల మీద పాకి బొత్తాం వెతికి తెచ్చిచ్చాడు. రబ్బరు ఎవరిదో మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మేము కేథలిక్కులమే. మొదటి సత్ప్రసాదం స్కూలే చూసుకుంటుంది కదా?

స్కూలు సాయం చేస్తుంది, చూసుకునేది మీరు. 1910లో పోప్ పదవ పయస్ ఒక ఆదేశం ఇచ్చేదాకా చాలా చోట్ల పిల్లలు పదేళ్ళు, పన్నెండేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా ఆగాల్సి వచ్చేది, ఆయన వివేకం వచ్చే వయసు, అంటే ఏడేళ్ళ దగ్గర్లో చాలన్నారు. అందుకే ఇప్పుడు ఎక్కువగా రెండు మూడు తరగతుల్లో ఉంటుంది, దానికి ముందు మొదటి పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారి దగ్గర తప్పులు ఒప్పుకోవడం. కొన్ని చోట్ల తయారీ స్కూల్లో, కొన్ని చోట్ల ఆదివారం విచారణలో. స్కూల్లో పరలోక జపం నేర్పిస్తాం, కానీ ఇంట్లో ఒక్క పూట కూడా జపమాల పట్టుకోని పిల్లకి అది కూడా ఎక్కాల లాంటిదే అయిపోతుంది. ఆదివారం పూజకి రాకుండా సోమవారం "మా వాడికి ఎందుకు లేటు చేస్తున్నారు" అని అడిగేవాళ్ళున్నారు, వాళ్ళకి ఫాదర్ గారే జవాబు చెప్తారు, నేను తప్పుకుంటాను.

ఏ కాగితాలు తేవాలి?

బర్త్ సర్టిఫికెట్, అడ్రస్ ప్రూఫ్, టీకాల కార్డు, కేథలిక్కులైతే జ్ఞానస్నాన సర్టిఫికెట్. అది పోతే కంగారు పడకండి, ఏ విచారణలో జ్ఞానస్నానం ఇచ్చారో అక్కడి రిజిస్టర్‌లో ఉంటుంది, అడిగితే కొత్త కాపీ రాసిస్తారు. పేరు స్పెల్లింగ్ అన్నిట్లో ఒకటేనా చూసుకోండి, సగం తలనొప్పులు అక్కడే.

ఫీజు కట్టలేకపోతే?

కొన్ని దేశాల్లో ఈ స్కూళ్ళకి ప్రభుత్వమే జీతాలిస్తుంది, ఫీజే ఉండదు. కొన్ని చోట్ల మొత్తం పేరెంట్స్ మీదే నడుస్తుంది. విద్య మీద వాటికన్ మహాసభ 1965 అక్టోబర్ 28న ఇచ్చిన ప్రకటనలో పేదవాళ్ళని, కుటుంబం ఆదరణ లేనివాళ్ళని, విశ్వాసం లేనివాళ్ళని కేథలిక్ స్కూళ్ళు ప్రత్యేకంగా పట్టించుకోవాలని ఉంది. ఫీజుల పట్టిక చూస్తే ఆ మాట మర్చిపోయారేమో అనిపించే స్కూళ్ళు కూడా లేకపోలేదు. అయినా అడగండి. బకాయి పడ్డాక నాలుగో నెలలో కాదు, చేరేటప్పుడే హెడ్ సిస్టర్ దగ్గర కూర్చుని మా పరిస్థితి ఇదీ అని చెప్పండి. రాయితీలు, వాయిదాలు ఉంటాయి, బోర్డు మీద రాయరంతే.

మేమిద్దరం విడిపోయాం. కేథలిక్ స్కూల్ కదా, పిల్లాడిని చిన్నచూపు చూస్తారేమో?

చూడకూడదు. చేరుతున్నది పిల్లాడు, మీ పెళ్ళి కాదు. మాకు తెలియాల్సింది రెండే, సాయంత్రం పిల్లాడిని ఎవరికి అప్పగించాలి, రిపోర్టు కార్డు ఎవరికి పంపాలి. "అమ్మానాన్న బొమ్మ గీయండి" లాంటివి ఇచ్చేటప్పుడు జాగ్రత్తగా ఉండమని క్లాస్ టీచర్‌కి ఒక మాట చెవిలో వేయండి, చెప్తే తప్ప మాకు తెలీదు.

పిల్లల భద్రత గురించి అడగాలంటే మొహమాటంగా ఉంది.

మొహమాటం అస్సలు వద్దు. సభలో పిల్లల మీద అత్యాచారాలు జరిగాయి, కప్పిపుచ్చడం కూడా జరిగింది, అది లోకమంతా తెలిసిన సంగతి, దాన్ని పక్కన పెట్టి మాట్లాడే స్కూల్‌ని నేనైతే నమ్మను. పోప్ ఫ్రాన్సిస్ 2014లో మైనర్ల రక్షణకి ఒక కమిషన్ వేశారు, 2019లో ఇచ్చిన ఆదేశంతో ఫాదర్లు, మఠవాసులు ఎవరికైనా విషయం తెలిస్తే సభ అధికారులకి చెప్పి తీరాలని చట్టం అయింది, 2023లో దాన్ని శాశ్వతం చేశారు. ప్రభుత్వ చట్టం దానికి పైన ఎలాగూ ఉంటుంది, పోలీసులకి చెప్పడం ఎవరూ ఆపకూడదు.

మీరు అడగాల్సినవి ఇవీ: బాలల రక్షణ పాలసీ కాగితం ఉందా, ఫిర్యాదు తీసుకునే మనిషి ఎవరు, సిబ్బంది గురించి విచారించాకే పనిలోకి తీసుకుంటారా, పెద్దవాళ్ళు పిల్లతో ఒంటరిగా తలుపు మూసి ఉండే అవకాశం ఎక్కడైనా ఉందా, టాయిలెట్లు చిన్నపిల్లలకి వేరుగా ఉన్నాయా. ఈ ప్రశ్నలకి మొహం మాడ్చుకుంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మా అమ్మాయికి మిగతావాళ్ళ కంటే నెమ్మదిగా వస్తుంది. చేర్చుకుంటారా?

దాచకుండా చెప్పండి, రిపోర్టులుంటే తీసుకురండి. ప్రత్యేక టీచర్ ఉన్నారా, క్లాసులో ఎంతమంది పిల్లలు అన్నది మీరు అడగండి. ప్రేమగా చూసుకుంటాం అనే జవాబు ఒక్కటే వస్తే అది సరిపోదండి, ప్రేమతో పాటు మనిషి కూడా కావాలి.

ఏడాదంతా పండగలేనా?

దాదాపు! క్లాసులో ఒక మూల చిన్న బల్ల ఉంటుంది, దాని మీద గుడ్డ, సిలువ, బైబిల్, మరియతల్లి బొమ్మ. ఆ గుడ్డ రంగు దైవార్చన సంవత్సరంతో, అంటే గుడి క్యాలెండర్‌తో, పాటు మారుతుంది. మామూలు రోజుల్లో ఆకుపచ్చ, క్రిస్మస్ ముందు ఆగమన కాలంలోనూ విభూది బుధవారంతో మొదలయ్యే తపస్సు కాలంలోనూ ఊదా, క్రిస్మస్‌కి, ఈస్టర్‌కి తెలుపు, పవిత్రాత్మ పండగకి ఎరుపు. నేను మార్చడం మర్చిపోతే పిల్లలు ఊరుకోరు, అందులోనూ ముందు గుర్తుచేసేది ఎక్కువసార్లు వేరే మతం పిల్లలే, ఎందుకో మరి. డిసెంబర్‌లో పశువుల పాక కడతాం, పునీత ఫ్రాన్సిస్ 1223లో గ్రెచ్చో అనే ఊళ్ళో మొదలెట్టిన అలవాటు అది. బాలయేసుని క్రిస్మస్ దాకా పెట్టకూడదు, కాబట్టి ఆ బొమ్మని నా సొరుగులో దాచాలి, క్లాసులో ముప్ఫై మందికీ ఏ సొరుగో తెలుసు.

పేరెంట్స్‌గా మేమేం చేయాలి?

ఇందాక ఫీజుల దగ్గర చెప్పిన 1965 విద్యా ప్రకటనే పిల్లలకి మొదటి గురువులు, ముఖ్య గురువులు తల్లిదండ్రులే అంటుంది. సభ చట్టం కూడా టీచర్లు పేరెంట్స్ మాట ఇష్టంగా వినాలని, పేరెంట్స్ సంఘాలు పెట్టాలని చెప్తుంది. కాబట్టి మీటింగ్‌కి పిలిస్తే రండి, ఇద్దరూ వస్తే మరీ మంచిది. క్లాసులో ఏదైనా నచ్చకపోతే వాట్సాప్ గ్రూపులో కాదు, నేరుగా టీచర్‌కి చెప్పండి. గ్రూపులో పెడితే సాయంత్రానికి రబ్బరు గొడవ రక్తపాతం అయిపోతుంది.

స్కూలు చూడ్డానికి వచ్చినప్పుడు ఏం గమనించాలి?

ల్యాబూ కంప్యూటర్ రూమూ ఎలాగూ చూపిస్తారు. మీరు మాత్రం ఇంటర్వెల్ బెల్ కొట్టే టైమ్‌కి వరండాలో ఉండేలా చూసుకోండి. పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చి టీచర్‌ని చూసి గోడకి అంటుకుపోతున్నారా, లేక చెయ్యి పట్టుకుని ఏదో చెప్పేస్తున్నారా చూడండి. ఊడ్చే ఆయమ్మని పిల్లలు ఏమని పిలుస్తున్నారో వినండి. టీచర్ పిల్లతో మాట్లాడేటప్పుడు వంగుతుందా, పైనుంచే చెప్తుందా చూడండి. నా మోకాళ్ళు పోయింది అలాగే.

మొదటి రోజు ఏడిస్తే?

ఏడుస్తారు, కొంతమంది రెండో రోజు ఏడుస్తారు, ఎందుకంటే మొదటి రోజు ఇది ఒక్కసారి వ్యవహారం అనుకుంటారు, రెండో రోజు కూడా రావాలని తెలిశాక మొదలవుతుంది. చెప్పకుండా జారుకోకండి, "సాయంత్రం బెల్ కొట్టగానే ఇదే గేటు దగ్గర ఉంటా" అని చెప్పి వెళ్ళండి, చెప్పినట్టు అక్కడే ఉండండి, అయిదు నిమిషాలు ముందే. ఒక్కటి మాత్రం చేయకండి, వెళ్ళినట్టే వెళ్ళి కిటికీ పక్కన నిలబడి తొంగి చూడకండి. అప్పుడే ఏడుపు ఆపి నా కొంగు వదిలి రంగు పెన్సిల్ పట్టుకుని ఉంటుంది, సరిగ్గా ఆ క్షణంలో మీ తల కనపడుతుంది, మళ్ళీ మొదటికొస్తాం.